ఎనిమిది పళ్ళ పినియన్

మే 7, మంగళవారం

జీపు మీద కప్పిన పట్టా కోడలు తీసేసింది. నన్ను అడగలేదు. అడిగితే వద్దంటానని తెలుసు, అందుకే అడగలేదు.

నేను లారీ సీటు కుడుతున్నాను. కిటికీలోంచి చూస్తే కోడలు ఒక కొస పట్టుకుని లాగుతోంది, రెండో కొస పట్టుకున్న మనవరాలు పిచ్చుక ఆ పట్టా కిందే మునిగిపోతోంది. ఆ పట్టా నేను కుట్టిందే. నా కొడుకు పోయిన మర్నాడు కుట్టాను. ఇల్లంతా ఏడుస్తుంటే కన్నతల్లి మిషన్ తొక్కుతూ కూర్చుందని ఎవరెవరో ఏమేమో అనుకున్నారు. అనుకోనీ.

టైర్లు నల్లగా అలాగే ఉన్నాయి. ఒక్కోటి నా నడుము దాకా వస్తుంది. ఆ పెద్ద టైర్లు వేసిన వారంలోనే వాడు జ్వరం అన్నాడు. జీపులో వెళ్ళరా ఆసుపత్రికి అన్నాను. "ఇప్పుడిది కదలదమ్మా, గేర్లు మార్చేదాకా ముసలి గాడిదే" అని నవ్వి, తన కాళ్ళ మీద తనే నడిచి వెళ్ళాడు. మళ్ళీ నడిచి రాలేదు.

పట్టా మడత పెడుతూ కోడలు సంగతి చెప్పింది. ఉద్యోగం వచ్చిందట. భూమి కొలిచే పని, పెళ్ళికి ముందు చేసిందే. పొద్దున బయలుదేరితే సాయంత్రానికి చేరేంత దూరం. దాదాపు అంతా తిన్నని రోడ్డే, చివర్లో మాత్రం ఒక నది అడ్డం వస్తుంది. వంతెన లేదు, ఇసుకలోకి దిగి దాటాలి. అందుకే జీపు కావాలట. పిచ్చుకనూ తీసుకెళ్తుంది.

"మీరూ రండి అత్తయ్యా" అంది. మాటవరసకు పిలిచే పిలుపు నాకు తెలియదా. నా మిషన్ ఎవరు చూసుకుంటారు అన్నాను. రెండోసారి అడగలేదు.

మే 8

నాకేం బాధ లేదు. మంచి ఉద్యోగమే.

మే 10, శుక్రవారం

ఎదురు షెడ్డు గేర్ల మేస్త్రీ వచ్చి జీపు కింద దూరి చూశాడు. "మీవాడు చెప్పుల సైజు పెంచాడు గానీ కాళ్ళలో బలం పెంచలేదు చెల్లెమ్మా" అన్నాడు లేస్తూ. అన్నాక నా మొహం చూసి మాట మార్చాడు. పరవాలేదు. వాడి మీద ఎవరైనా ఒక జోకు వేసి ఎన్నాళ్ళయిందో. అందరూ వాడి పేరెత్తగానే గొంతు తగ్గిస్తారు.

నాకు అర్థం కాలేదంటే షెడ్డు నుంచి రెండు మూడు ఇనప గేర్లు తెచ్చి నా మిషన్ బల్ల మీద పెట్టాడు. ఇరుసు మధ్యలో పొట్టలా ఉబ్బి ఉంటుందే, దాని లోపల ఇవి ఉంటాయట. పెద్దది క్రౌను, చిన్నది పినియన్. చిన్నది తిరిగి పెద్దదాన్ని తిప్పుతుంది, పెద్దది చక్రాలను తిప్పుతుంది. ఈ జీపుకు పెద్దదానికి ఎప్పుడూ నలభై ఒక్క పళ్ళే. తేడా అంతా చిన్నదానిలోనే. పుట్టుకతో వచ్చింది పది పళ్ళది. టైర్లు పెద్దవయ్యాయి కాబట్టి ఆ పదితో ఇంజను లాగలేకపోతోంది. పళ్ళు తగ్గించాలి. తగ్గిన కొద్దీ బలం పెరుగుతుంది, పరుగు తగ్గుతుంది.

తొమ్మిదా, ఎనిమిదా అని కోడల్ని అడిగాడు.

"ఎనిమిదైతే గోడయినా ఎక్కేస్తుంది. కానీ రోడ్డు మీద ఇంజను గొంతు చించుకుంటుంది, నువ్వు ఆ ఊరు చేరేసరికి పిల్ల పెళ్ళీడుకొస్తుంది. తొమ్మిదైతే దూరాలకు హాయి. కొండ దగ్గర కొంచెం సణుగుతుంది, అంతే."

ఏది వేసినా ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ ఒకటే వెయ్యాలన్నాడు. ఎందుకని నేను అడగలేదు.

కోడలు ఆలోచించి చెప్తానంది. పిచ్చుక చిన్న గేరును రెండు చేతులతో ఎత్తి, "నానమ్మా, దీనికి నాకన్నా తక్కువ పళ్ళు" అంది. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

మే 13, సోమవారం

ఉద్యోగం కాగితాల పని మీద కోడలు వెళ్ళింది. రావడానికి వారం పడుతుందట. పిల్లను నా దగ్గర వదిలింది. మరి నేను లేకపోతే ఎవరి దగ్గర వదిలేది? అక్కడ ఎవరున్నారు? ఈ మాట అడగాలనుకున్నాను, బస్సు వచ్చేసింది.

ఇక్కడ కొండ మీద క్వారీ ఉంది. వాడు పని చేసిన క్వారీయే. అక్కడా కొలతలు వేసేవాళ్ళు కావాలని ఆఫీసు వాళ్ళు పోయిన నెల అడిగారు. కోడలు ఆ దారి వంక కూడా చూడనంది. ఇప్పుడంటోంది గానీ మనసు ఎప్పుడూ ఒకలాగే ఉంటుందా? కొండకు ఎనిమిది పళ్ళదే మంచిదని మేస్త్రీయే అన్నాడు.

ఊరికే రాశాను. గేర్ల సంగతి నాకెందుకు.

మే 15, బుధవారం

మేస్త్రీ రోడ్డు అవతలి నుంచే అడిగాడు. మధ్యలో ఒక లారీ ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. "కోడలమ్మ ఏమంది? ఎనిమిదేనా? ముందు ఇరుసుకు సరిపోయేది షెడ్డులోనే ఉంది, ఇవాళే మొదలెట్టేస్తాను!"

నేను తల ఊపాను.

లారీ చప్పుడులో నోటిమాట వినపడదు. లేకపోతే ఇంకా ఖరారు కాలేదని నోటితోనే చెప్పేదాన్ని.

మే 16

తల ఊపడం అంటే మాట ఇచ్చినట్టు కాదు. మెడ నొప్పి వచ్చినా తల ఊపుతాం.

మే 18, శనివారం

ముందు ఇరుసు పని అయిపోయింది. మూత బిగించే ముందు మేస్త్రీ పిలిచి చూపించాడు. పెద్దదాని పక్కన చిన్నది కొత్త నూనెలో మెరుస్తోంది. లెక్కపెట్టాను. ఎనిమిది. మూత వేసి, బోల్టులు బిగించి, నల్ల రంగు పూశాడు. ఇప్పుడు బయట నుంచి చూస్తే లోపల ఎన్ని పళ్ళున్నాయో ఎవరికీ తెలియదు.

వెనక ఇరుసుకు ఎనిమిదిది పట్నం నుంచి రావాలట. రావడానికి కొన్నాళ్ళు పడుతుంది.

పిచ్చుక నా దగ్గరే పడుకుంటోంది. కాళ్ళు నా పొట్ట మీద వేస్తుంది, అచ్చం వాడిలాగే. కదలకుండా ఉండిపోతాను.

మే 21, మంగళవారం

ఎన్ని జరగాలో అన్నీ ఒక్కరోజే జరిగాయి. మేస్త్రీ కూతురికి నొప్పులు మొదలయ్యాయని కబురొస్తే ఉన్నపళంగా వెళ్ళిపోయాడు, షెడ్డు బావమరిది మీద వదిలేసి. సాయంత్రం బస్సుకు కోడలు దిగింది. ఇంట్లోకి రాకుండా నేరుగా షెడ్డుకే వెళ్ళింది. తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "తొమ్మిదికి చెప్పేశాను అత్తయ్యా. జూన్ ఆరున చేరాలి" అంది.

వెనక ఇరుసుకు తొమ్మిదిది పక్క వీధి షాపులోనే దొరుకుతుందట.

అన్నం పెట్టాను. పప్పు బాగుందంది. ఉప్పు వెయ్యడం మర్చిపోయానని నేను తింటున్నప్పుడు తెలిసింది.

మే 22, బుధవారం

బావమరిది మంచివాడే. నోరెక్కువ, నట్టు తిప్పినా పాటే, కాఫీ తాగినా పాటే. వెనక ఇరుసు విప్పుతూ నన్ను చూసి కేకేశాడు. "అక్కా, ముందుది మా బావ వేసేశాడు కదా? మళ్ళీ విప్పాలంటే ఓపిక లేదు నాకు."

వేశాడన్నాను.

వేసిన మాట నిజమే కదా. ఎన్ని పళ్ళది అని అతను అడగలేదు. మేస్త్రీకి ఫోను చేస్తే తెలిసిపోతుంది, అతనే చేసుకోవచ్చు. చెయ్యలేదు. తప్పు నాది కాదు.

మే 25

ఎక్కువైన ఫోమ్ కత్తిరించాను. ఎండ.

మే 27, సోమవారం

జీపు రోడ్డు మీదకు వచ్చింది. వాడు పోయాక మొదటిసారి దాని చప్పుడు విన్నాను. వంటింట్లో ఉన్నాను, గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. బావమరిది తిప్పి తెచ్చి, వెన్నలా పోతోందన్నాడు. కోడలు కూడా నడిపి చూసింది. తారు రోడ్డు మీద వెనక చక్రాలే లాగుతాయట. ముందు చక్రాలకు బలం అందేది, ఇసుకో బురదో వచ్చినప్పుడు ఫోర్ వీల్ పిడి వేస్తేనే.

అంటే ఆ పిడి వెయ్యకపోతే ఏమీ లేదన్నమాట. నేను అనవసరంగా కంగారుపడుతున్నాను.

మే 29, బుధవారం

ఉండబట్టలేక అడిగాను. షెడ్డులో ఇంకెవరూ లేనప్పుడు, ఊసుపోక అడిగినట్టు అడిగాను. ముందొకటి వెనకొకటి వేస్తే ఏమవుతుందేమిటి అని.

బావమరిది పాట ఆపాడు. "నీ మిషన్‌లో పై గుడ్డను ఒక వేగంతో, కింద గుడ్డను ఒక వేగంతో లాగితే ఏమవుతుందక్కా?"

"ముడత పడుతుంది."

"బండి ముడత పడదు. గట్టి నేల మీదైతే లోపల గేరుపెట్టె పగులుతుంది. తడి ఇసుకలో దిగితే ముందు చక్రాలు వెనక్కి ఈడుస్తుంటే వెనక చక్రాలు తోస్తుంటాయి. స్టీరింగ్ మాట వినదు. ఎందుకు, ఏ వెర్రివాడైనా అలా వేశాడా?"

ఎవరో అంటుంటే విన్నానన్నాను. వాడి చిరునామా చెప్పు, దండ వేసి వస్తాను అన్నాడు. నవ్వాను. రోడ్డు దాటి ఇంటికొచ్చి మిషన్ ముందు కూర్చున్నాను.

ముడత అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పాలా. పై గుడ్డ పోతూనే ఉంటుంది. కింది గుడ్డ వెనకబడి వెనకబడి చివరికి చిరుగుతుంది.

మే 30

ఎండలు మండిపోతున్నాయి. నదిలో నీళ్ళుండవు, ఇసుక గట్టిగానే ఉంటుంది. కోడలు ఫోర్ వీల్ వెయ్యదు. వెయ్యాల్సిన పని ఉండదు.

వెయ్యదు.

జూన్ 1, శనివారం

వాన. పొద్దున్నుంచీ ఆగలేదు. కిటికీ రెక్క మూసి వస్తే మళ్ళీ తెరుచుకుంటోంది.

కోడలు అక్కడి ఆఫీసుకు ఫోను చేసింది. అక్కడా వానే. నదిలో మోకాలి లోతు వచ్చిందట, జీపులు దాటుతున్నాయట. ఫోను పెట్టేసి, "ఫోర్ వీల్ ఉంది కాబట్టి సరిపోయింది" అంది. ఎంత నిబ్బరంగా అందో.

ఇప్పుడు చెప్తే ఏమవుతుంది? పిల్లను ఎప్పుడైనా నా దగ్గరకు పంపుతుందా? నా మొహం చూస్తుందా? చెప్పకపోతే వాళ్ళు వెళ్తారు. నదిలో దిగుతారు. కోడలు పిడి వేస్తుంది.

ఇంతకన్నా రాయలేను.

జూన్ 2, ఆదివారం

రేపు డ్రైవరు సీటు కుట్టాలి. ఇన్నాళ్ళూ రెగ్జిన్ రాలేదని చెప్పాను. అటక మీద రెండు చుట్టలు ఉన్నాయి. కోడలు ఇవాళ అటక ఎక్కి దించి నా ముందు పెట్టింది.

జీపు తలుపు తెరిచి ఆ సీటు చూసుకున్నాను. వాడు కూర్చుని కూర్చుని ఫోమ్ గుంట పడింది. ఎడమ వైపు ఎక్కువ లోతు. చిన్నప్పటి నుంచీ వాడికి ఒక పక్కకు వాలి కూర్చోవడం అలవాటు. సరిగ్గా కూర్చోరా అని ఎన్నిసార్లు వీపు మీద చరిచానో. అరచెయ్యి ఆ గుంటలో పెట్టాను. వానకు సీటు చల్లగా ఉంది.

జూన్ 3, సోమవారం

చెప్పేశాను.

కొలత తీసుకోవడానికి కోడల్ని సీటులో కూర్చోబెట్టాను. ఆమె వాడికన్నా పొట్టి. టేపు పట్టుకుని ఎంత ఎత్తు లేపాలో చూస్తున్నాను. "ఇంకొంచెం అత్తయ్యా, నదిలో దిగేటప్పుడు ముందు చక్రం ఎక్కడుందో నాకు కనపడాలి" అంది. పిచ్చుక వెనక సీటులో నిలబడి, నాకూ బెల్టు కుట్టు నానమ్మా, అమ్మ గబుక్కున ఆపితే ఎగిరి నీళ్ళలో పడతాను అని గంతులేస్తోంది. దాన్ని పట్టుకుని, నడుం చుట్టూ టేపు వేశాను. టేపు రెండు కొసలూ ఇంత దగ్గరగా కలిశాయి. ఇంత చిన్న నడుం.

ముందు ఇరుసులో ఎనిమిది ఉందని చెప్పాను. మేస్త్రీ అడిగితే తల ఊపింది నేనేనని చెప్పాను. బావమరిది అడిగితే వేశాడన్నది కూడా నేనేనని చెప్పాను. ఎందుకు చేశానో మాత్రం చెప్పలేదు.

కోడలు సీటులోంచి దిగలేదు. చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి.

"ఎందుకని అడగను. తెలుసు నాకు" అంది. తర్వాత నెమ్మదిగానే అంది. "మమ్మల్ని ఉంచుకోవాలని చేశారు, సరే. కానీ పిల్ల ఈ బండిలోనే కూర్చుంటుందని తెలిసి కూడా ఇన్నాళ్ళు మిషన్ తొక్కుకుంటూ కూర్చున్నారు."

దిగి, పిల్లను ఎత్తుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. అరిచి ఉంటే బాగుండేది.

నేను వానలోనే రోడ్డు దాటి షెడ్డుకు వెళ్ళి బావమరిదితో చెప్పాను. అతని చేతిలో స్పానరు అలాగే ఉండిపోయింది. "ఆ వెర్రివాడు నువ్వేనా అక్కా" అన్నాడు. అవునన్నాను. పాపం, దండ మాట ఎత్తలేదు.

జూన్ 4, మంగళవారం

మేస్త్రీ వచ్చేశాడు. మనవడు పుట్టాడు. ఆ సంతోషం చెప్పుకోనివ్వకుండా నా సంగతి అతని మీద పడేశాను. నా షెడ్డులోంచి ముందొకటి వెనకొకటి ఉన్న బండిని రోడ్డెక్కించావా అని బావమరిది మీద విరుచుకుపడ్డాడు, నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. బావమరిది నన్ను చూపించి ఉండొచ్చు. చూపించలేదు.

కోడలు నేను చెప్పింది నిజమో కాదో ముందు చూపించమంది. నా మాట మీద నమ్మకం లేదు. ఎందుకుంటుంది.

మేస్త్రీ ఒక పక్క చక్రాలను నేల మీదే ఉంచి, రెండో పక్క ముందుదాన్నీ వెనకదాన్నీ జాకీలతో లేపాడు. రెండు టైర్ల మీదా అడుగున సుద్దతో గీత గీశాడు. ఫోర్ వీల్ వేసి వెనక చక్రాన్ని చేత్తో తిప్పాడు. ముందు చక్రం కూడా దానంతటదే తిరిగింది. వెనక గీత ఒక చుట్టు తిరిగి కిందికి వచ్చేసింది. ముందు గీత రాలేదు. జానెడు పైనే వెనకబడి ఆగిపోయింది.

అందరూ ఆ గీతనే చూస్తున్నారు. ఆ జానెడు దూరం నేను చేసింది.

కోడలు ఆఫీసుకు ఫోను చేసి గడువు అడిగింది. బండి పని తేలలేదని చెప్పింది, ఇంకేమీ చెప్పలేదు. పదో తారీఖు దాకా ఆగుతామన్నారు. ఆ తర్వాత వేరేవాళ్ళను పెట్టుకుంటారట.

నాలుగు రోజులు ఇంకా ఉంటారు కదా అని నా లోపల ఏదో సంతోషపడింది. సిగ్గేసింది. అయినా పడింది.

జూన్ 5

కోడలు మాట్లాడటం లేదు. కంచం తీసుకుంటుంది, కడిగి పెడుతుంది. పిచ్చుక మా ఇద్దరి మధ్యా కబుర్లు మోస్తోంది. "నానమ్మా, అమ్మ కత్తెర కావాలంటోంది." "అమ్మా, నానమ్మ మిషన్ మీద ఉందంటోంది." కాసేపటికి విసుగొచ్చి, మీ ఇద్దరికీ నోళ్ళు లేవా అంది.

జూన్ 6, గురువారం

సీటు పూర్తి చేశాను. పాత ఫోమ్ తియ్యలేదు. దాని మీదే కొత్తది వేసి కుట్టాను. ఎత్తు కావాలంది కదా.

పిల్ల బెల్టుకు లారీ పట్టాల దారం వాడాను. నాలుగు వరసలు కుట్టాను. లాగి చూశాను. మళ్ళీ ఇంకో వరస కుట్టాను.

జూన్ 7, శుక్రవారం

ముందు ఇరుసుకు తొమ్మిది పడింది. మూత వెయ్యకుండా మేస్త్రీ నన్ను పిలిచి, "రా, లెక్కపెట్టు" అన్నాడు. వేలు పెట్టి లెక్కపెట్టాను. వేలంతా నూనె. తొమ్మిది. కోడలు కూడా వంగి లెక్కపెట్టుకుంది. తర్వాత మూత బిగించాడు.

మళ్ళీ ఒక పక్క లేపాడు. మళ్ళీ సుద్ద గీతలు. ఈసారి మేస్త్రీ మమ్మల్ని నిలబెట్టాడు. ముందు చక్రం దగ్గర నన్ను, వెనక చక్రం దగ్గర కోడల్ని. ఎవరి గీత వాళ్ళు చూడండి, కిందికి రాగానే చెప్పండి, పక్కవాళ్ళ గీత చూడొద్దు అన్నాడు. బావమరిది వెనక చక్రం తిప్పడం మొదలెట్టాడు. నెమ్మదిగా తిప్పుతున్నాడు. నా గీత పైకి వెళ్ళి, టైరు వెనక కనపడకుండా పోయింది. మళ్ళీ వస్తూ కనపడింది. దిగుతోంది.

"వచ్చింది" అన్నాను.

"వచ్చింది" అంది కోడలు.

ఇద్దరి మాటా ఒక్కసారే పడింది. పదిసార్లు తిప్పించాడు మేస్త్రీ. పదిసార్లూ అలాగే. చివరికి పిచ్చుక కూడా మా ఇద్దరి మధ్యా నిలబడి, గీత చూడకుండానే వచ్చింది వచ్చింది అని అరవడం మొదలెట్టింది.

చేతులు తుడుచుకుంటూ కోడలు, "కొత్త సీటు బాగా కుదిరింది" అంది. నా వంక చూసి కాదు. కానీ నాతోనే అంది.

జూన్ 8

సామాను ఎక్కించాం. వాడి చొక్కాలు రెండు కోడలు తీసుకుంది. మిగతావి నాకుంచింది. అడగకుండానే పంచింది.

జూన్ 9, ఆదివారం

వెళ్ళారు. తెల్లారుతుండగా. వాన లేదు.

జీపు మలుపు తిరిగేదాకా చూశాను. కొత్త గేర్లు ఏ చప్పుడూ చెయ్యలేదు. మేస్త్రీ గుమ్మంలో నిలబడి చెవి ఆ వైపే పెట్టాడు, నాకు కనపడింది. నిన్న మళ్ళీ అడగలేదు కోడలు, మీరూ రండి అని. నేనూ అడగమని అనలేదు. పని ఉంది. బస్సు సీట్లు పది రేపటికి ఇవ్వాలి.

మధ్యాహ్నం. ఫోను లేదు. దారిలో సిగ్నల్ ఉండదని ముందే చెప్పింది.

ఒక సీటు కుట్టి విప్పాను. తిరగేసి కుట్టాను.

నాలుగైంది. ఈపాటికి నది దగ్గరకు వచ్చి ఉంటారు. బావమరిది వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు, ఏ పని లేకపోయినా. పాట పాడలేదు. మేస్త్రీ షెడ్డు ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు. నన్ను ఓదార్చడానికని అనుకున్నాను. కాదు, వాళ్ళకూ భయమే.

సాయంత్రం. ఫోను వచ్చింది. నా చేతిలోంచి జారి సీట్ల మధ్యలో పడితే బావమరిది తీసిచ్చాడు.

"దాటాం అత్తయ్యా" అంది. ఇసుకలో దిగే ముందే ఫోర్ వీల్ వేసిందట. నీళ్ళు తలుపు అంచు దాకా వచ్చాయట. ఎక్కడా పట్టెయ్యలేదట, స్టీరింగ్ చెప్పినట్టు విందట. పిల్ల బెల్టు పెట్టుకుని కదలకుండా కూర్చుందట. ఇప్పుడు అవతలి ఒడ్డున బండి ఆపి చేస్తోందట.

ఇన్నాళ్ళూ చెప్పాలనుకున్నవన్నీ నోటి దాకా వచ్చాయి. చివరికి ఏదో ఒకటి అనాలి కదా, "వచ్చేటప్పుడు కూడా ఇసుకలో దిగే ముందే వేసుకో. నీళ్ళ మధ్యలోకి వెళ్ళాక వెయ్యొద్దు" అన్నాను.

కోడలు పిచ్చుకను నీళ్ళ దగ్గరకు వెళ్ళొద్దని కేకేసింది.

"అలాగే అత్తయ్యా" అంది తర్వాత. "వచ్చేటప్పుడు కూడా దిగే ముందే వేసుకుంటాను."

ఆమె ఫోను పెట్టలేదు. నేనూ పెట్టలేదు. పిచ్చుక నీళ్ళలోకి రాళ్ళు విసురుతున్నట్టుంది. నది చప్పుడు వింటూ నిలబడ్డాను.